సంతకం సరిపోయింది

"పన్నెండు వేల గుడ్లురా! ఇంకో మూడు దినాలైతే పిల్లలు బయటికొస్తుండె. ఉడకబెట్టినవ్ గదరా!"

గౌరయ్య ట్రేలోంచి ఒక గుడ్డు తీసి ఎల్లేష్ కాళ్ల ముందు కొట్టాడు. పెంకు పగిలింది. లోపలి పిల్లకు అప్పటికే నూగు వచ్చింది. ఎల్లేష్ వంగి దాన్ని పక్కకు తీసి పెట్టాడు.

శామీర్‌పేట దగ్గర గౌరయ్య హేచరీ. ముందురోజు మధ్యాహ్నం రెండూ పదికి, గుడ్లు పొదిగే మిషన్ ఫ్యాన్లు, అలారం ఒకేసారి ఆగిపోయాయి. మిషన్ చూసుకునే ఎల్లేష్ ఆ సమయంలో వెనక షెడ్డులో అన్నం తింటున్నాడు. మూడింటికి వచ్చి తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది.

"నేను బంద్ జెయ్యలే సేటూ. ఫోన్ జేబులనే ఉండె. ముట్టనే లేదు."

"మరి దయ్యమొచ్చి బంద్ జేసిందా?" అన్నాడు ప్రవీణ్. అతను గౌరయ్య బామ్మర్ది. హేచరీలో కంప్యూటర్ పనులు చూస్తాడు.

గౌరయ్య హర్షిత వైపు తిరిగాడు. మిషన్‌ను ఫోన్‌తో నడిపే ఏర్పాటు చేసింది ఆమె కంపెనీయే. మేడ్చల్ ఆఫీసు నుంచి పొద్దున్నే వచ్చింది.

"నువ్వు జెప్పు బిడ్డా. బయటోడు ఎవడన్న నెట్‌ల దూరిండా?"

"లేదండీ. ఫోన్ నుంచి వచ్చే ప్రతి ఆర్డరుకూ ఒక సంతకం ఉంటుంది. ఆర్డరు, టైము, రహస్య కీ, ఈ మూడూ కలిపి లెక్క కడితే వచ్చే అక్షరాలే ఆ సంతకం. సర్వర్ కూడా తన దగ్గరున్న అదే కీతో మళ్లీ లెక్క కడుతుంది. రెండూ కలిస్తేనే మిషన్ మాట వింటుంది. నిన్న ఫ్యాన్లు, అలారం ఆపమని వచ్చిన ఆర్డరు సంతకం కలిసింది."

"కీ లేకుంట గా లెక్క కట్టరాదా?"

"ఎంత చదువుకున్నవాళ్లయినా కట్టలేరండీ."

"కీ ఎవలెవల కాడ ఉంది?"

"రెండే చోట్ల. సర్వర్‌లో, ఎల్లేష్ ఫోన్‌లో. సర్వర్‌లోది మాక్కూడా కనపడదు."

"ఇన్నవా బావా?" అన్నాడు ప్రవీణ్. "కొత్త ఫోన్ కొని, మేడం కాడ కీ ఎక్కించుకొచ్చి గీనికే ఇచ్చిన. నిన్న నేను గండిమైసమ్మ కాడ ఫంక్షన్ల కూసోని, మా బావ హేచరీ ఫోన్‌తోని నడుస్తదని నలుగురికి జెప్పుకుంటున్న. ఈడ గీడు గిట్ల జేసిండు. ఇజ్జత్ తీసిండు."

ఎల్లేష్ గొంతు లేచింది.

"మూడేండ్ల సంది జేస్తున్న సేటూ. కరెంటు పోతే సూరారంల ఇల్లు ఇడిసిపెట్టి ఈడనే పడుకున్న. దొంగ అనుండ్రి, పడ్త. గీ పిల్లలను నేనే సంపుకుంటనా?"

"నోర్ముయ్! సంతకం నీది. ఇగ స్టేషన్ల జెప్పుకో." గౌరయ్య ఫోన్ తీశాడు.

"ఆగు బావా. ఉత్తగ జెప్తే పోలీసోళ్లు ఇనరు. సాక్ష్యం జూపిస్త."

ప్రవీణ్ తన ల్యాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. హర్షితను నిన్నటి సంతకం తియ్యమన్నాడు. ఆమె తన స్క్రీన్ అటు తిప్పింది. ప్రవీణ్ నిన్నటి ఆర్డరు కొట్టాడు. టైము కొట్టాడు. ఒక మీట నొక్కాడు. అరవై నాలుగు అక్షరాలు వచ్చాయి.

"జూడు. సర్వర్ల ఉన్నది గిది. లెక్క కడితే వచ్చింది గిది. ఒక్కటి తేడా ఉంటే నా మీసం తీసేస్త."

గౌరయ్య రెండు స్క్రీన్ల మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చాడు. చివరిదాకా కలిశాయి. వెనక్కి తిరిగి ఎల్లేష్ కాలర్ పట్టుకున్నాడు.

"ఇగ ఏమంటవ్రా?"

ఎల్లేష్ జేబులోంచి ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"గా కీ దీంట్లనే ఉంది సేటూ. ఇచ్చిన కాడికెంచి దీన్ని ఎవ్వల చేతికి ఇయ్యలే."

గౌరయ్య పోలీస్ స్టేషన్ నంబరు నొక్కాడు. అవతల రింగు మోగుతోంది. హర్షిత చెయ్యి చాపి ఆ కాల్ కట్ చేసింది.

"ప్రవీణ్‌గారూ, ఇప్పుడు మీరు ఏ కీతో లెక్క కట్టారు?"