జేబమ్మ

రెండో వరసలో చెల్లెలు కూర్చుని ఉంది.

మెజీషియన్ చేతిలోని చెక్క గుడ్డు జారిపోయింది. దొర్లుకుంటూ వెళ్ళి ముందు వరసలో ఎవరి బూటుకో తగిలి ఆగింది. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. బుద్ధి ఎదగలేదని ఇంట్లోవాళ్ళు ఆ ఆశ్రమంలో చేర్చినవాళ్ళు, అందరూ ముప్పై దాటినవాళ్ళే. గుడ్డు దొర్లడమే అసలు మేజిక్కు అయినట్టు వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం గుడ్డు తీసుకోవడమే మర్చిపోయాడు.

ఆరేళ్ల కిందట వేరే ఊళ్ళో, ఇలాంటి ఆశ్రమం వరండాలోనే, ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, చెవిలో ఏదో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసిన ఘనుడు ఈయన. ఆ ఆశ్రమం మూతపడిందనీ, అక్కడివాళ్ళను పోయిన నెలే ఇక్కడికి తెచ్చారనీ ఈయనకు ఎవరు చెబుతారు? ఇప్పుడు ఆమె లేచి 'అన్నయ్యా' అని ఒక్క కేక పెడితే చాలు. దిక్కులేనిదని కాగితాల్లో రాసిన మనిషికి నిక్షేపంలా అన్న ఉన్నాడని అందరికీ తెలిసిపోతుంది. పరువు బజార్న పడుతుంది, ఆపైన పోలీసులు ఉండనే ఉన్నారు.

గబగబా ముగించి బయటపడదామనుకున్నాడు. కానీ అక్కడ గబగబా ఏదీ సాగదు. మామూలు జనం మెజీషియన్ చెయ్యి ఎటు చూపిస్తే అటు చూస్తారు. ఇన్నేళ్లూ ఆయనకు కూడు పెట్టింది ఆ చూపే. ఇక్కడివాళ్ళు తమకు ఇష్టమైన చోట చూస్తారు. ఎర్ర బంతిని మాయం చేసి రెండు చేతులూ ఖాళీగా చూపిస్తే, ముందు వరసలోని బట్టతలాయన, చంకలో పెట్టుకున్నాడని నింపాదిగా చెప్పాడు. నిజంగా చంకలోనే ఉంది.

చెల్లెలు మాత్రం బంతినీ చూడలేదు, చంకనూ చూడలేదు. రెప్ప వాల్చకుండా ఆయన మొహమే చూస్తూ కూర్చుంది.

చివరికి రుమాలు ఆట మిగిలింది. బల్ల మీద మాయమైన ఎర్ర రుమాలు చూసేవాళ్ళలో ఒకరి జేబులో దొరకాలి. ఒకప్పుడు దీనికోసం జనం మధ్య ముందే తన మనిషిని కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు అలాంటి మనిషి ఎవరూ లేరు. ఎవరినో ఒకరిని పైకి పిలిచి, మాటల్లో పెట్టి, తనే జేబులోకి తోసేస్తున్నాడు. చెల్లెలు ఉన్న వైపు తప్ప అన్ని వైపులా చూస్తూ, ఎవరైనా ఒకరు రావాలన్నాడు.

'జేబమ్మ, జేబమ్మ' అని హాలంతా గోల చేసింది. చెల్లెలు అప్పటికే లేచి నడిచి వస్తోంది.

ఆ పేరు ఎందుకో ఆయన అడక్కుండానే పక్కనున్న ఆయా చెప్పింది. ఆయా కూడా పాత ఆశ్రమం నుంచి ఆమెతో పాటే వచ్చిందట. జేబమ్మ కుడి చెయ్యి గౌను జేబులోంచి తియ్యదట. బట్టలు మార్చుకునేటప్పుడు కూడా ఆ జేబులోది ఏదో గుప్పిట్లో దాచుకుని ఈ జేబులో వేసుకుంటుందట. అదేమిటో ఇంతవరకూ ఎవరికీ చూపించలేదట.

చెల్లెలు వచ్చి పక్కన నిలబడింది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఇరవై ఏళ్ల అలవాటు కదా, ఆయన నాలుక ఊరుకోలేదు.

"అమ్మా, మనిద్దరికీ ఇంతకుముందు పరిచయం ఏమైనా ఉందా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా తీరిగ్గా చూసింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"లేదండీ. ఈయన ఎవరో నాకు తెలీదు."

గొంతులో తడబాటు లేదు. ఆయన ఆమె ఎడమ జేబులోంచి రుమాలు లాగాడు. చప్పట్లు మోగాయి. ఆమె వంగి ఎడమ చేత్తోనే దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

హమ్మయ్య అనుకోవాల్సింది పోయి ఆయన ఆ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇదేం మనస్తత్వమో మరి. గుర్తుపడుతుందేమోనని చచ్చేంత భయపడ్డవాడే, గుర్తుపట్టలేదని కుమిలిపోతున్నాడు.

ఆట అయ్యాక సామాను సర్దుకుంటుంటే ఆయా మళ్ళీ వచ్చింది.

"పాపం, ఎవరూ లేరండీ ఆవిడకి. అన్నదమ్ములు ఉన్నారా అని ఎన్నిసార్లు అడిగినా లేరంటుంది. పైగా నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగిపోతుంది. డాక్టరుగారేమో అన్నీ మర్చిపోయి ఉంటుందన్నారు."

ఆయన తలూపాడు. ఆయా అందరినీ భోజనాల గదికి తీసుకెళ్ళింది. బట్టతలాయన అందరికంటే ఆఖర్న, ఆ చంక వైపు ఇంకోసారి అనుమానంగా చూసి మరీ వెళ్ళాడు.

మర్చిపోయింది, పోన్లే, మర్చిపోవడమే దానికీ మంచిది అనుకున్నాడు మెజీషియన్. అలా అనుకుంటే కొంచెం ఊపిరాడింది. కళ్ళు మాత్రం మాట వినలేదు. రుమాలుతోనే తుడుచుకుని, దాన్ని పెట్టె మీద పడేశాడు.

చెప్పుల చప్పుడైంది. గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. ఖాళీ కుర్చీలన్నిటినీ వరస వరసగా చూసింది. వరండాలోకి తొంగి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని నిశ్చయించుకున్నాక దగ్గరికొచ్చి, కుడి చెయ్యి జేబులోంచి తీసి గుప్పిట విప్పింది.

పెట్టె మీది రుమాలు లాంటిదే ఇంకోటి. రంగు వెలిసి అంచులు పీచులైపోయాయి. ఆరేళ్ల కిందట ఆ బల్ల మీద కూర్చోబెట్టినప్పుడు ఆయనే ఆమె జేబులో పెట్టిన రుమాలు.

"జనం వెళ్ళేదాకా నువ్వెవరో నాకు తెలీదని చెప్పమన్నావుగా, ఒక్కళ్ళకి కూడా చెప్పలేదు," అంది గుసగుసగా. "అందరూ వెళ్ళిపోయారు అన్నయ్యా, ఇంక ఇంటికెళ్దామా?"