అయిదింటి రొద

గేటు మీద ఎవరో వేలితో టకటకా కొడుతున్నారు.

హెడ్‌ఫోన్లు తగిలించుకున్న రేడియో మాస్టారికి ఆ చప్పుడు వినపడలేదు. భార్య వచ్చి భుజం తట్టింది.

"ఎదురింటి మేడ మీద కొత్తగా దిగినాయనండీ. మెడకి మఫ్లరు. నోరు విప్పడు, మీకేసే చూపిస్తున్నాడు."

"తర్వాత రమ్మను. ఇక్కడ నా ప్రాణం పోతోంది!"

"ఆ పెట్టెతోనే కాపురం చేసుకోండి" అంటూ ఆవిడ వెళ్లి అతన్ని పంపేసింది.

ఆరేళ్లుగా సాయంత్రం అయిదయితే చాలు, ఎక్కడో దూరాన ఉన్న మిత్రుడొకడు రేడియోలో, మోర్స్ కోడ్ చుక్కల, గీతల టకటకలతో మాస్టారిని పలకరిస్తాడు. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. రేడియో ఉండగా ఫోనెందుకని ఇద్దరికీ ఒకటే పంతం.

కిందటి వారం ఆ మిత్రుడు, "ఒంట్లో బాగాలేదు. నీకో మాట చెప్పాలి. అయిదింటికి చెవి ఇటే ఉంచు" అన్నాడు.

ఆ తర్వాత పలకలేదు. రెండు రోజులకి ఈ రొద మొదలైంది. సరిగ్గా అయిదయ్యేసరికి, పగబట్టినట్టు, జుయ్‌మని అన్నిటినీ మింగేస్తోంది. మాస్టారు రోజూ పిలుస్తూనే ఉన్నారు, మిత్రుడు జవాబిస్తున్నాడో లేదో కూడా తెలియడం లేదు. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

ఇంట్లో మెయిన్ ఆపేసి, రేడియోని బ్యాటరీ మీద పెట్టి విన్నారు. రొద తగ్గలేదు.

"దొంగ బయటే ఉన్నాడే!"

మర్నాడు అయిదింటికి చిన్న రేడియో చేత్తో పట్టుకుని వీధిలో పడ్డారు. ఎదురింటి మెట్లెక్కుతున్న కొద్దీ రొద పెరిగింది. మేడ మీది గది దగ్గర చెవులు చిల్లులు పడ్డాయి.

తలుపు తీసింది మఫ్లరు మనిషి. మాస్టారిని చూడగానే అతని ముఖం వెలిగిపోయింది.

గోడకి నాసిరకం అడాప్టరు. దాని తీగ దుప్పటి కింద ఏదో డబ్బాలోకి పోతోంది.

మాస్టారు ఒంటికాలి మీద లేచారు. "ఏమయ్యా! నీ అడాప్టరు పాడుగాను, నా మిత్రుడి మాట వినపడకుండా చేశావు కదయ్యా! అవతల వాడు ఉన్నాడో పోయాడో!"

మఫ్లరు మనిషి చిన్నగా నవ్వాడు. తలుపుచెక్క మీద వేలితో కొట్టసాగాడు.

"నేను ఏడుస్తుంటే నువ్వు దరువేస్తావా?"

వేలు ఆగింది. అతను జేబులోంచి పెన్సిలు తీశాడు.

"నీ క్షమాపణలు నాకొద్దు. ముందది పీకెయ్!"

అతను పీకేశాడు. చేతిలో రేడియో ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మాస్టారు వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తారు.

"ఎక్కడున్నావ్? ఎలా ఉన్నావ్?" అని ఆ రోజు పిలిచారు. మర్నాడూ పిలిచారు. అద్దంలాంటి నిశ్శబ్దం. అందులో ఎవరూ లేరు.

మూడో రోజు ఎదురింటి యజమాని ఓ సంచి పట్టుకొచ్చాడు.

"మేడ మీదాయన నిన్న ఆపరేషన్ బల్ల మీదే పోయాడండీ. గొంతులో కంతి. మాట ముందే పడిపోయింది. వెనకా ముందూ ఎవరూ లేరట. ఈ సంచి మీకిమ్మని రాసిపెట్టి వెళ్లాడు."

"నాకా?"

"ఆసుపత్రి పక్కనే గదులున్నా మీ ఏరియల్ కనిపించే గదే కావాలన్నాడు. రోజూ అయిదింటికి ఇందులో ఉన్నదాన్ని ఆ అడాప్టరుకి తగిలించి, చెవికి ఆనించుకుని మురిసిపోయేవాడు. మీరొచ్చి వెళ్లాక మళ్లీ పెట్టలేదు."

సంచిలో, వినడానికే తప్ప పలకడానికి పనికిరాని బుల్లి రేడియో ఉంది. దాని కింద అంచులు నలిగిన కార్డు.

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని చదివారు.

ఆరేళ్ల కిందట మిత్రుడికి తాను పోస్టులో పంపిన కార్డే అది, తన దస్తూరీతోనే: "ఎంత రొదలో ఉన్నా సరే, నీ టకటకని నేను గుర్తుపడతాను."