నేల మీద పడని నీళ్లు

శ్రీముఖలింగం రోడ్డులో సగం దూరం వచ్చేసరికి పికప్పు ముందు నుంచి ఆవిరి లేచింది.

యుగంధర్ బండి పక్కకు తీసి ఆపాడు. పద్నాలుగేళ్ల పాత బండి. నరసన్నపేటలో బయలుదేరేటప్పుడే రేడియేటరు నిండా నీళ్లు పోశాడు.

వెనక టార్పాలిన్ కింద ఖాళీ ఫ్రీజర్ బాక్సు ఉంది. చావు జరిగిన ఇంటికి తీసుకెళ్తున్నాడు. అప్పటికే వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు.

బానెట్ ఎత్తి రేడియేటరు మూత మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు నాయినా. మొహం కాలిపోతాది."

బస్సు షెల్టరులో కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు. నలిగిన చొక్కా, చేతిలో గుడ్డసంచి.

"నీ పని నువ్వు సూసుకో తాతా."

"ఎక్కడ కారతన్నాదో సూసినావా?"

"ఎక్కడా కారట్నేదు. కిందంతా పొడిగానే ఉన్నాది. నీళ్లు మాత్రం మాయమైపోతన్నాయి. మూడు షెడ్లు తిప్పినాను, ఎవుడికీ దొరకనేదు."

ముసలాయన బండి వెనక్కి చూశాడు. "అదేటి?"

"శవాన్నెట్టే ఫ్రీజరు. ఏటొడ్డున జగన్నాధం గారింటికి. ఆల పెద్దకోడలు పోనాదంట. మొగుడు ఓడలో పన్జేస్తాడు, ఎల్లుండికి గాని రాడు. ఈ ఎండకి శవం ఆగద్దా?"

ముసలాయన బానెట్ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

తర్వాత సంచి కింద పెట్టి, "సల్లారనీ" అన్నాడు.

ఇంజను చల్లారేలోగా బోరింగు నుంచి రెండు క్యాన్ల నీళ్లు తానే మోసుకొచ్చాడు. భుజం మీది తువ్వాలుతో ఇంజనంతా తడి లేకుండా తుడిచాడు. నీళ్లు పోశాడు.

"స్టార్ట్ సెయ్యి. నాను సెప్పీదాకా రేజ్ చేస్తా ఉండు."

యుగంధర్ యాక్సిలరేటర్ తొక్కి పట్టాడు. ఐదు నిమిషాలు గడిచాయి. మళ్లీ ఫోన్ మోగింది.

"దొరికిందేటి తాతా?"

"ఇంకొంచెం తొక్కు."

"నీకేటి తాతా, ఎంతసేపైనా సూస్తావు. అక్కడ పిల్ల నేల మీదున్నాది."

ముసలాయన తల ఎత్తలేదు. ఇంజను వెనక సందులోకి ముఖం పెట్టి వాసన చూశాడు. చెయ్యి దూర్చాడు.

"ఇక్కడున్నాది. ఎనకాల సిన్న గొట్టం, క్లిప్పు కింద సిట్లింది. ఇంజను గట్టిగా తిరిగితేనే నీరు సిమ్ముతాది. సైలెన్సరు గొట్టం మీద పడి అక్కడే ఆవిరైపోతాది. నేల మీద పడితే కదా కనబడతాది."

ఇంజను ఆపించి, బండిలోని పనిముట్లతో క్లిప్పు విప్పాడు. చిట్లిన చివర అంగుళం కోసేసి, గొట్టాన్ని మళ్లీ ఎక్కించి బిగించాడు. వేడి ఇనుము తగిలి ముంజేయి కాలింది. చెయ్యి వెనక్కి తియ్యలేదు.

ఈసారి బండి పది నిమిషాలు తిరిగినా ఆవిరి రాలేదు.

"నువ్వెక్కడికెల్లాలి తాతా?"

"ఎక్కడికీ నేదు."

సంచి చేతికి తీసుకుని, "ఆ ఊరిదాకా ఎక్కించుకో" అన్నాడు.

"ఒంటినిండా మసి. సీటు పాడైపోతాది, ఎనక్కెక్కు."

ముసలాయన వెనక్కెక్కి బాక్సు పక్కన కూర్చున్నాడు. దారి బాగాలేని చోట్ల అది కదలకుండా రెండు చేతులా పట్టుకోవడం యుగంధర్ అద్దంలో చూశాడు.

ఊరి మొదట్లో ముసలాయన క్యాబిన్ తట్టి దిగిపోయాడు.

"ఊర్లోకి రావా?"

"నేదు బాబూ. ఓ మాట. దించినప్పుడు సూసి దించమను. గుమ్మానికి తగలనివ్వొద్దు."

యుగంధర్ బండి ముందుకు పోనిచ్చాడు. థాంక్స్ కూడా చెప్పలేదు.

జగన్నాధం గారింట్లో నలుగురు కలిసి బాక్సు దించారు. స్విచ్ వేశాక ఆ అమ్మాయిని అందులో పడుకోబెట్టారు. ముప్పై ఏళ్లుంటాయేమో.

యుగంధర్ పెరట్లో చేతులు కడుక్కుంటుంటే చిన్నకోడలు అనూరాధ తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"ఇంత ఆలీసమయినాదేటన్నా?"

"బండి ఆగిపోనాదమ్మా. ఎవులో ముసలాయన బాగుసేసినాడు. నేకపోతే సాయంత్రం దాకా అక్కడే." తర్వాత మెల్లగా అడిగాడు. "ఆయమ్మ పుట్టింటోల్లు ఎవులూ కనబడట్నేదేటి?"

అనూరాధ వీధి వైపు చూసి గొంతు తగ్గించింది.

"అక్కకి తల్లి నేదు. నాయినొక్కడే. ఆలది తక్కువ కులమని మా మావ ఎనిమిదేళ్లుగా ఆయన్ని గడప తొక్కనీనేదు. పొద్దున నానే సాటుగా ఫోన్ సేసినాను. ఎంటనే బస్సెక్కతానన్నాడు. ఆయన దారిలో ఉండగా మావ నా ఫోన్ లాక్కుని ఆయనకి సేసి, ఊర్లో అడుగెట్టినా శవాన్ని సూడనివ్వనన్నాడు."

"ఏ ఊరు ఆయనది?"

"పర్లాకిమిడి."

"ఏటి సేస్తాడు?"

"లారీలు బాగుసేస్తాడు."

యుగంధర్ తువ్వాలు అక్కడే వదిలేసి బండి దగ్గరికి పరుగెత్తాడు.

ఊరి మొదట్లో ఎవరూ లేరు. జీడిపప్పు బస్తాలు ఎక్కిస్తున్న ఆటో అతన్ని అడిగాడు.

"మసి సొక్కా తాతా? ఇంతసేపూ ఇక్కడే నిలబడి, జగన్నాధం గారింటికి బాక్సు సేరిందేటని వచ్చినోల్లనల్లా అడిగినాడు. సేరిందని సెప్పినాక పర్లాకిమిడి బస్సెక్కేసినాడు."

ఆఖరిచూపు దక్కకపోయినా, కూతురి దేహం ఎండకు చెడిపోకుండా చూసుకుని వెళ్లిపోయాడు ఆ తండ్రి.