వెచ్చని ఉప్పుమూట

పెద్దావిడ ఉన్నట్టుండి వచ్చి పూజ చేతులు రెండూ పట్టేసుకుంది.

"అచ్చం ఆ సేతులే! మంచుగడ్డలే!" అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

పూజ ఉలిక్కిపడి చేతులు లాగేసుకుంది.

ఎర్రంచు తెల్లచీర, శంఖు గాజులు, నుదుట ఇంత బొట్టు. చూడబోతే బెంగాలీ మనిషి. మాటేమో మన శ్రీకాకుళం మాట. ఖరగ్‌పూర్‌లో అదేం వింత కాదులెండి, రైల్వే కొలువులకని వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళు అంతమంది. న్యూ సెటిల్‌మెంట్‌లో చేపలమ్మే బెంగాలీ దీదీ కూడా "ఏటి కావాలమ్మా?" అనే అడుగుతుంది.

పూజకు అసలే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. హాలు నిండా పోటీకొచ్చిన పిల్లలు, అందరి చేతుల్లోనూ రంగుల రూబిక్ క్యూబులు టకటకలాడుతున్నాయి.

ఇంట్లో ఉంటే పూజ వేళ్ళు పాదరసమే. పోటీ బల్ల ముందు కూర్చుంటే చాలు, చల్లబడి కొయ్యబారిపోతాయి. కిందటిసారి భువనేశ్వర్‌లో క్యూబు చేతిలోంచి జారి కిందే పడింది.

"ఈసారీ అంతే అయితే దాన్ని అటకెక్కించీడమే. బుద్దిగా సదువుకో," అని నాన్న గోవిందరావు పొద్దున్నే తేల్చేశాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మాటంటే మాటే.

పూజ చేతులు ఒళ్ళో దాచుకుని, ఆవిణ్ణి గేటు దగ్గర పలకరించి లోపలికి పంపిన వాలంటీరు కుర్రాణ్ణి పిలిచింది. బెంగాలీ రాదు పిల్లకి. ఊహ తెలిసినప్పట్నుంచీ టెక్కలిలో అమ్మమ్మ దగ్గర పెరిగి, కాలేజీకని ఈ ఏడే ఇక్కడికొచ్చింది.

"భయ్యా, ఆవిడెవరు?" అని వచ్చీరాని హిందీలో అడిగింది.

కుర్రాడు నవ్వాడు. "తోమార్ పిషి!" అనేసి పోయాడు.

పూజ కుర్చీ వెనక్కి జరుపుకుంది. టెక్కలి వైపు పిచ్చిని పిస్సి అనే అంటారు మరి.

అయ్యబాబోయ్, పిస్సిదా!

మొదటి రౌండు మొదలైంది. క్యూబు మీద మూత తీసి చూడనిచ్చారు. చూసినంతసేపూ తిప్పాల్సిన దారంతా కళ్ళకు కట్టింది. తిప్పడం మొదలెట్టాక వేళ్ళు మాట వినలేదు. ఆఖరి వరసలో తడబడి, కిందామీదా పడి, చివరి స్థానంలో ఎలాగో ఫైనల్లోకి పడింది.

వచ్చి కుర్చీలో కూలబడితే ఎదురుగా మళ్ళీ ఆవిడే. చేతిలో చిన్న గుడ్డమూట. బయట టీకొట్టు పొయ్యి మీద వేడి చేయించుకొచ్చినట్టుంది.

"బేగి పట్టుకో తల్లీ, సల్లారిపోద్ది."

"నాకొద్దండీ."

"ఉప్పేనే. ఏటీ సెయ్యదు."

"ఒద్దన్నానా! ఎల్లండి ఇక్కణ్ణించి!"

నలుగురూ తలలు తిప్పి చూశారు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. మూటను పక్క కుర్చీలో పెట్టింది. పూజ తల మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. దూరం నుంచే దిష్టి తీసినట్టు మెటికలు విరిచి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

ఫైనల్‌కి పిలుపొచ్చింది. వేళ్ళు కదలవు. పూజ అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదు కదా అని మూట అందుకుంది.

అబ్బ, ఏం వెచ్చన! ఆ వేడి కణుపు కణుపులోకీ దిగింది. వాము వాసన ముక్కుకు తగిలి, ఎందుకో ఏడుపొచ్చినంత పనైంది.

ఇక చూడండి, క్యూబు ఆ చేతుల్లో వెన్నలా తిరిగింది. టైమర్ ఆపి తలెత్తేసరికి హాలంతా చప్పట్లు. రెండో బహుమతి!

కప్పు పట్టుకుని గేటు దాకా పరిగెత్తింది. ఆవిడ లేదు.

ఇంటికొచ్చి కప్పు నాన్న చేతికిచ్చింది. మూట నాన్నమ్మ జోగమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఎవరో పిస్సావిడ ఇచ్చింది నాన్నమ్మా. పాపం, కసిరేసినాను."

జోగమ్మ మూట వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఉప్పులో వాము... ఒరే గోయిందా!" అని కొడుకుని కేకేసి, పూజ వైపు తిరిగింది. "పిస్సిదని నీకెవలు సెప్పినారే?"

"అక్కడి వాలంటీరే. తోమార్ పిషి అన్నాడు."

గోవిందరావు కప్పు బల్ల మీద పెట్టేశాడు. సైకిలెక్కి, బెంగాలీలుండే సుభాష్‌పల్లి వైపు తొక్కాడు.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. అంత చలిలోనూ చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఇంటికి తాళమే అమ్మా. కొడుకు దగ్గరికి సిలిగురి ఎలిపోనారట, ఇంక రారట. పోయే ముందు దీన్నోసారి సూసుకోడానికే ఆ పోటీకొచ్చుంటాది. నాను స్టేషన్‌కెల్లేసరికి బండి కదిలిపోనాది."

జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరు నాన్నా?" అంది పూజ.

గోవిందరావు చల్లారిన మూటను రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు.

"సలికి నా వేళ్ళు ఒంగకపోతే, ఇలాగే ఏడి సేసి జేబులో ఎట్టి బడికి పంపీది. బెంగాలీ ఇంటికి కోడలై ఎల్లిందని మీ తాత గడప తొక్కనియ్యలేదు. ఆయన పోయినాకయినా నాను పిలవాల్సింది. రేపెల్దాం, ఎల్లుండెల్దాం అనుకుంటా కూకున్నాను."

"మరి ఆ అబ్బాయి పిస్సి అన్నాడు కదా?"

"పిస్సి కాదు తల్లీ, పిషి," అన్నాడు గోవిందరావు కళ్ళు తుడుచుకుంటూ, "నీ మేనత్త అని సెప్పినాడు ఆ గుంటడు."