లైటా, సౌండా

మా ఆయన జశ్వంత్ ఫోన్‌లో రెండు గుండ్రటి బొమ్మలుంటాయి. రెండూ ఒకే మనిషి గుండె రక్తనాళం లోపలివి.

ఒకటి సౌండ్‌తో తీసింది. మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టుంటుంది.

రెండోది లైట్‌తో తీసింది. అడ్డంగా కోసిన ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా కనిపిస్తుంది.

జశ్వంత్ పనిచేసేది నానక్‌రామ్‌గూడలో, ఆ లైట్ బొమ్మలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో. మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఈ బొమ్మలొస్తాయి.

"సౌండ్ అంటే చీకట్లో తడుముకోవడమండీ. లైట్ అంటే చూడ్డం."

వచ్చినవాళ్ళు పాపం బుద్ధిగా తలూపుతారు.

నాలుగేళ్ళ కిందట ఆయన కిడ్నీలు రెండూ పోయాయి. మా అమ్మ తనది ఒకటి ఇచ్చింది.

ఇచ్చిందే గానీ పెత్తనం వదల్లేదు. గోపన్‌పల్లి నుంచి రోజూ ఫోను. "అల్లుడుగారూ, ఎండలో తిరక్కండి, దానికి పడదు." "ఆవకాయ జోలికెళ్ళకండి, దానికి పడదు."

ఆయనా తక్కువేం తినలేదు. పేరంటానికి అరువు తెచ్చిన నగలాగా చూసుకుంటాడు దాన్ని.

మొన్న మంగళవారం ఆఫీసు లిఫ్ట్‌లో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆఫీసువాళ్ళు ఖాజాగూడ దగ్గర ఆసుపత్రిలో చేర్చారు.

గుండె డాక్టర్ మహేందర్ గారు మాకు కొత్త కాదు. నిరుడు జశ్వంత్ గుండె నాళంలో స్టెంట్ గొట్టం వేసింది ఆయనే. ఆ ఆసుపత్రిలో లైట్ మిషన్ పెట్టినప్పుడు, దగ్గరుండి నేర్పించింది జశ్వంతే.

"పాత స్టెంట్ దగ్గర ఏదో అడ్డమున్నది. లోపలికి పోయి చూడాలె" అన్నారు డాక్టరుగారు. "లైట్ పెడ్దమంటే నెత్తురు అడ్డమొస్తది. డై మందు ఎక్కించి నెత్తురును పక్కకు జరపాలె. ఆ డై అంతా పొయ్యేది నీ కిడ్నీలకెల్లే గదా, దానికి దెబ్బ. సౌండ్‌కైతే ఆ ఫికర్ లేదు."

"సౌండే పెట్టండి సార్" అన్నాడు జశ్వంత్.

నేను ఆయన మొహంలోకి చూశాను. "నువ్వేనా ఈ మాట అంటున్నది?"

పక్కకి తిరిగి పడుకున్నాడు.

లోపలికి తీసుకెళ్ళారు. ఈలోగా అమ్మ ఆటోలో వచ్చేసింది. చీర కూడా మార్చుకోలేదు. నా పక్కన కూర్చుంది.

కాసేపటికి మహేందర్ గారే బయటికొచ్చారు.

"సౌండ్ పెట్టి చూసినం. ఏదో ఉన్నది. నెత్తురు గడ్డనో, పెరిగిన కండనో సమజైతలేదు. కండైతే ఇంకో స్టెంట్ వెయ్యాలె. గడ్డ మీద స్టెంట్ వేస్తే అది జారి కింద అడ్డం పడ్తది, పానానికే ముప్పు. ఒక్కసారి లైట్ వేస్తే తెలిసిపోతది."

"డై లేకుండా అవదా అండీ?"

"సెలైన్ కొట్టి చూసినం. నెత్తురు జరుగుతలేదు. డై కొడ్తమంటే ఆయన ఒప్పుకుంటలేడు. మెలకువతోనే ఉన్నడు కదా. అత్తయ్యగారి కిడ్నీ సార్, వద్దు అంటున్నడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు మా ఆయన కావాలి, అంతే. కిడ్నీ ఎవరిదైతే నాకేంటి? ఆ మాట అమ్మ పక్కనుండగా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అమ్మే లేచింది. "నేను మాట్లాడొచ్చాండీ ఆయనతో?"

ఆపరేషన్ టేబుల్ దగ్గరికి రాకూడదన్నారు. అద్దం వెనకున్న గదిలోకి ఇద్దర్నీ తీసుకెళ్ళి మైకు చూపించారు. నీలం గుడ్డల కింద జశ్వంత్ తల మాత్రం కనిపిస్తోంది.

అమ్మ మైకుకి మరీ దగ్గరగా వంగింది.

"అల్లుడుగారూ, నేనండీ, అమ్మణ్ణిని."

తల కొంచెం ఇటు తిరిగింది.

"నేను మీకిచ్చింది దాచుకోడానికి కాదండీ. వాడుకోడానికి."

స్పీకర్‌లో ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"అత్తయ్యగారూ, అది పాడైతే..."

"పాడైతే పాడైంది. చూడనివ్వండి."

ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. మహేందర్ గారు మాత్రం తలూపి గబగబా లోపలికెళ్ళారు.

డై కొట్టి లైట్ వేశారు. తెర మీద రక్తనాళం గుండ్రంగా, శుభ్రంగా వచ్చింది. లోపలి గోడకి ఒక ముద్ద అతుక్కుని ఉంది.

గడ్డే.

స్టెంట్ వెయ్యలేదు. గడ్డని పీల్చి తీసేశారు, మందులిచ్చారు. "గుండెకు ఢోకా లేదిగ" అన్నారు మహేందర్ గారు. నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేశాను.

మర్నాటి నుంచి ఆయనకి ఒంటేలు తగ్గింది. ఆ మర్నాడు కాళ్ళకి నీరొచ్చింది.

కిడ్నీ డాక్టర్ కృష్ణప్రియ గారు నన్నూ అమ్మనీ వరండాలోకి పిలిచారు. చిన్న వయసే, నెమ్మదిగా మాట్లాడతారు.

"కొంచెం టైమ్ ఇద్దాం. కోలుకోవచ్చు. లేదంటే మళ్ళీ డయాలసిస్ తప్పదు."

ఆయన గదిలో నిద్రపోతున్నాడు. తలుపు దగ్గరగా వేసే ఉంది.

అమ్మ ఒకసారి ఆ తలుపు వైపు చూసింది. డాక్టరమ్మకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది.

"నా దగ్గర ఇంకోటుంది కదండీ."

కృష్ణప్రియ గారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అమ్మ భుజం మీద చెయ్యేశారు.

"అది కూడా తీస్తే మీరుండరమ్మా."

"తెలుసండీ" అంది అమ్మ.