ఆఖరి ఊట దగ్గర బిందె మోత

నిశ్శబ్దం అమ్ముకునే కంపెనీవాళ్లారా, అరకు కొండల్లో మా ఎనిమిది ఊటల్లో ఏడింటిని బురద చేసింది మీరే! చప్పుడు లేని చోటెక్కడుందో మీ డ్రోన్లు వెతికి ఫోన్లలో పెడతాయి. మర్నాటికి అక్కడ వెయ్యిమంది టూరిస్టులు దిగి ఊటని తొక్కేస్తారు.

మొన్న ఒక డ్రోన్ మా ఆఖరి ఊట మీదికొచ్చింది. నీళ్లకొచ్చిన కిల్లో బుదరి ఖాళీ బిందె తిరగేసి, జొన్నచేలో చిలకల్ని తోలినట్టు బాదింది.

"ఏటే బుదరీ, పూనకమొచ్చిందేటి?" అని అత్త కసిరింది.

"కాదత్తా, ఇనప చిలకొచ్చినాది! నువ్వూ బాదు!"

ఇద్దరూ బాదారు. ఇక్కడ జనం ఎక్కువనుకుని అది వెళ్లిపోయింది. ఊట ఇవాళ్టికీ తేటగా ఉంది.

ఊళ్లవాళ్లారా, కొండకొండనా బిందెలు మోగించండి! కంపెనీవాళ్లారా, మా ఊటల్ని మీ ఫోన్లలోంచి ఇప్పుడే తీసేయండి. టూరిస్టులారా, ప్రశాంతత కావాలా? బుదరిని అడిగి నలుగురే రండి. ఆమె బిందె నిండేదాకా ఆగండి.