చిలక కేక

అతను బల్ల మీద కూర్చున్నాడో లేదో, పంజరంలో చిలక గావుకేక పెట్టింది.

టీ తాగేవాళ్ళ చేతుల్లో గ్లాసులు తొణికాయి.

హోటలు యజమాని నాగుల్ మీరా పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. పంజరం కింద చూశాడు. వెనక చూశాడు. పిల్లి లేదు. పాము లేదు.

కృష్ణ ఒడ్డున పుట్టినవాడికి ఎవరికైనా తెలుసు. చిలకలు అట్లా అరిచాయంటే చెట్టు కింద పిల్లో, కొమ్మ మీద పామో ఉన్నట్టే.

అయితే ఇది మన పచ్చ చిలక కాదు. ఎర్రటి తల. పసుపూ నీలమూ కలిసిన రెక్కలు. మూరెడు తోక. ఏ సముద్రం అవతలి అడవిదో. సర్కస్ ఎత్తేసినచోట దళారి కొన్నాడు. అతని దగ్గర నాగుల్ మీరా కొని, బందరు కాలువ పక్కనున్న తన టీ హోటల్లో పెట్టుకున్నాడు. పిట్టకి అడవి ఉండాలని పంజరం వెనక గోడ మీద తాడిచెట్లు కూడా వేయించాడు.

వచ్చినప్పటినుంచి అది నోరు విప్పలేదు. గింజ సరిగా ముట్టలేదు. రొమ్ము మీది ఈకలు తనే పీక్కునేది.

నాగుల్ మీరా తల్లి జమాల్ బీ జామముక్క పట్టుకుని బతిమాలేది. "తిను తల్లీ. ఇట్టా అయితే చచ్చిపోతావు."

అలాంటిది ఇవాళ అరిచింది. కమ్మీలు పట్టుకుని, రెక్కలు కొట్టుకుంటూ, ఆ కొత్త మనిషినే చూసి అరిచింది.

బక్క మనిషి. నెరిసిన గడ్డం. ఎడమ చెవి అంచు కొరికేసినట్టుంది. చొక్కాకి ఎడమ భుజం మీద గోనెగుడ్డ అతుకు. ఆ అతుకూ చిల్లులు పడింది.

"ఒక్కసారి తలుపు తియ్యండి బాబూ," అన్నాడు.

"ఎందుకు?"

"నన్ను ఎరుగునండీ."

ఆటోనగర్ మెకానిక్కు రత్తయ్య పకపకా నవ్వాడు. "ఎరుగును కాబట్టే ప్రాణం పోయేట్టు అరుస్తోంది! ఆ చెవి కొరికింది కూడా ఇదేనా?"

అతను చెవి తడుముకున్నాడు. "ఇదేనండీ."

"విన్నావా మీరా! సర్కస్ వాడు. కొట్టి కొట్టి ఆటలు నేర్పుంటాడు. ఇది చెవి పట్టుకుంది."

అతను ఆ మాట వినిపించుకోలేదు. చిలకనే చూస్తూ అన్నాడు. "అడవిలో ఇవి జంట విడిచి ఉండవండీ."

"అయితే పెళ్ళిచూపులకొచ్చావా?"

హోటలంతా నవ్వింది. అతను నవ్వలేదు. లేచి పంజరం గడియ మీద చెయ్యి వేశాడు.

నాగుల్ మీరా ఒక్క తోపు తోశాడు. అతను మెట్ల మీద పడ్డాడు. చిలక ఇంకా గట్టిగా అరిచింది.

"గుండె పగిలి చస్తుందయ్యా అది! ఫో ఇక్కణ్ణించి!"

ఆ పూటే పంజరాన్ని వెనక గదిలోకి మార్చారు. కిటికీ లేని గది. తలుపు మూసేశారు.

అతను పోలేదు. రోడ్డు దాటి కాలువ గోడ మీద కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే. ముసురు పట్టినా అక్కడే.

లోపల చిలక కమ్మీలు పట్టుకుని తలుపు వంకే ముఖం పెట్టింది.

"ఎప్పుడు చూసినా తలుపు వంకే చూస్తోందిరా," అంది జమాల్ బీ.

"భయమమ్మా. వాడింకా అక్కడే ఉన్నాడు."

"పాపం, తడుస్తున్నాడు. ఒక గ్లాసు టీ అన్నా..."

"టీ పోస్తే పోతాడా? ఇంకా పాతుకుంటాడు."

ఒక పొద్దున గోడ మీద అతను లేడు.

"పీడ వదిలింది," అన్నాడు నాగుల్ మీరా. "ఇక తింటుంది."

తినలేదు. కమ్మీలు వదిలేసి పంజరం అడుక్కి జారింది. రెక్క వాల్చేసింది.

మరుసటి రోజు సాయంత్రం పెద్దాసుపత్రి ఆయా మార్త వచ్చింది. చేతిలో మడత పెట్టిన చొక్కా ఉంది.

"చిలక ఉన్న హోటలు ఇదేనాండీ? శౌరయ్య ఇమ్మన్నాడు."

"ఏ శౌరయ్య?"

"అదేనండీ, మీ ఎదురుగా గోడ మీద కూర్చునేవాడు. రొమ్ము పట్టేసి తెచ్చి పడేశారు. పొద్దున పోయాడు."

అతని పేరు వాళ్ళు వినడం అదే మొదలు.

"ఉతక్కుండా పిట్టకియ్యమన్నాడు. అంతే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదండీ."

"ముట్టుకోమాక మీరా," అన్నాడు రత్తయ్య. "ఏ మందన్నా పూశాడేమో."

నాగుల్ మీరా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జమాల్ బీ తీసుకుంది. వెనక గదిలోకి వెళ్ళి చొక్కాని చిలక్కొయ్యకి తగిలించింది.

పంజరం అడుగు నుంచి కేక. అదే కేక.

నాగుల్ మీరా అలవాటు కొద్దీ పిల్లి కోసం మూలలు చూశాడు.

జమాల్ బీ పంజరం గడియ తీసింది. ఆ ఇంటికి వచ్చాక చిలక బయట కాలు పెట్టడం అదే మొదలు.

అది వణుకుతూ చొక్కా ఉన్న గోడ దాకా నడిచింది. ముక్కుతో చొక్కా చెయ్యి పట్టుకుని పైకి పాకింది. ఎడమ భుజం ఎక్కింది.

కేక ఆగిపోయింది.

దాని గోళ్ళు తడుముకోకుండా, ఒక్కొక్కటే ఆ గోనెగుడ్డ చిల్లుల్లోకి దిగాయి.

తర్వాత అది మెడ తిప్పి, కాలరు పక్కన, చెవి ఉండాల్సిన చోట, ఉత్త గాలిని మెల్లగా కొరికింది.